తీగయా, పెట్టెయా?

తోటపల్లి గూడూరు పెన్నా డెల్టాలోని సముద్రతీర మండలము. కాలువ నిండుగ పాఱినను తూము ఇఱుకైనచో మడి తడవదని అచ్చటి రైతు లెఱుగుదురు. ఇంటికి వచ్చు బ్రాడ్‌బ్యాండునకును ఇదియే న్యాయము.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, గాజుతీగలను విద్యుత్ స్తంభముల మీదుగ పల్లెలకు నడిపించెను. నాటి ప్రారంభపు ధర నెలకు 149 రూపాయలు. వేగము సెకనునకు 15 మెగాబిట్లు. ఏ సంస్థ చెప్పు వేగమైనను తీగవెంట రౌటరు పెట్టెవఱకు వచ్చునదే. అచ్చటినుండి గదులకు పంచునది ఆ పెట్టె. అందలి 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు గోడలు దాటి దూరము పోవును. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగము గలవి, కాని గోడల కడ్డుపడి క్షీణించును. కావున పెట్టెను మూలలో దాచక ఇంటి నడుమ ఎత్తున నుంచవలయును. చాలనిచో మార్చుకొనవలయును.

తూమును రైతు తానే సరిచేసికొనగలడు. కాలువకు గండిపడినచో నేమి చేయగలడు? తుపానునకు స్తంభ మొరిగిన దినమున ఎంత మేలైన రౌటరైనను మూగవోవును. విద్యార్థి దరఖాస్తు గడువు ఆనాడే ముగియవచ్చును. కనుక తెగిన తీగను ఎన్ని దినములలో అతుకుదురో మొదట విచారించి, పెట్టెను గూర్చి పిదప అడుగువాడే వివేకి.