మెంతులకూ కలోంజీకీ లెక్క కావాలి

యానాం అడవిపొలంలోనైనా, కాకినాడలోనైనా షుగర్ వ్యాధి మాట వినబడని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది. ఇంట్లో ఒకరికి షుగర్ ఉందని తెలియగానే దాదీమా మెంతులు నానబెట్టమంటుంది. చుట్టాలు కలోంజీ నూనె సీసా పట్టుకొస్తారు. రెండూ మంచి గింజలే. యునానీ గ్రంథాల్లో మెంతులు హుల్బా పేరుతో, కలోంజీ షోనీజ్ పేరుతో శతాబ్దాలుగా ఉన్నాయి. రెండింటి మిజాజ్ గరం ఖుష్క్, అంటే వేడీ పొడీ అని హకీములు చెబుతారు. నా అభ్యంతరం గింజల మీద కాదు. ఎంత, ఏ రూపంలో, ఎన్నాళ్లు అని అడగకుండా మింగడం మీద, పైగా ఆ ధైర్యంతో డాక్టరు రాసిన మాత్రలు మానేయడం మీద.

ఈ లెక్కలన్నీ అల్లోపతి వాళ్లు మన మీద రుద్దినవని అనుకునేవారున్నారు. కానే కాదు. ఇబ్నె సీనా వెయ్యేళ్ల క్రితమే తన 'అల్ ఖానూన్'లో మందును పరీక్షించే నియమాలు రాశారు. మందులో బయటి గుణమేదీ కలిసి ఉండరాదనీ, ఒకసారి పనిచేస్తే చాలదు, అదే ఫలితం పదేపదే కనబడాలనీ, జంతువు మీద పనిచేసింది మనిషి మీద పనిచేస్తుందన్న భరోసా లేదనీ అన్నారు. మోతాదు అడిగేవాడు యునానీకి విరోధి కాదు, దాన్ని సరిగ్గా చదివినవాడు.

మెంతుల విషయంలో ఈ పరీక్ష మన హైదరాబాద్‌లోనే జరిగింది. తార్నాక దగ్గరి జాతీయ పోషకాహార సంస్థలో ఆర్.డి.శర్మ, ఆయన సహచరులు 1980లలో మెంతుల మీద పరిశోధన చేపట్టారు. 1990లో వారు ప్రచురించిన అధ్యయనంలో ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 రోగులకు పది రోజులు మెంతులు కలిపిన ఆహారం, పది రోజులు మెంతులు లేని ఆహారం ఇచ్చారు. రెండింటిలో కేలరీలు సమానం. మెంతులు తిన్న రోజుల్లో పరగడుపు షుగర్ తగ్గింది. 24 గంటల మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. చెడు కొలెస్ట్రాల్ కూడా తగ్గింది.

ఇంతవరకు అందరూ సంతోషంగా చెప్పుకుంటారు. చెప్పుకోనిది మోతాదు. ఆ రోగులు తిన్నది రోజుకు 100 గ్రాములు! అదీ నూనె తీసేసిన మెంతిపిండి, మధ్యాహ్నం సగం, రాత్రి సగం, భోజనంలో కలిపి. మనం పొద్దున మింగే చిన్న చెంచాడు మెంతులు నాలుగు గ్రాములు కూడా ఉండకపోవచ్చు. తర్వాత శర్మ మరికొందరు వైద్యులతో కలిసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో 60 మంది టైప్ 2 రోగులకు రోజుకు 25 గ్రాముల మెంతిపొడిని 24 వారాలు ఇచ్చి మేలు చూశారు. ఇది ఇంట్లో సాధ్యమయ్యే లెక్కే, అయినా ఆరు చెంచాల పైమాటే. చెంచాడు మెంతులతో వృథా అని నేననను. కానీ ఆ చెంచాకు 54 శాతం అంకె తగిలించడం న్యాయం కాదు.

మెంతులు ఎలా పనిచేస్తాయి? గింజలో సుమారు సగం పీచే. నానితే వచ్చే జిగురు పేగుల్లో చక్కెర రక్తంలోకి ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఆ నీళ్లు మాత్రమే తాగి గింజ పారేస్తే పీచులో ఎక్కువ భాగం చెత్తబుట్టకే. మెంతుల్లోని ఒక అమైనో ఆమ్లం ఇన్సులిన్ విడుదలకు తోడ్పడుతుందని ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియే పరిశోధకులు 1998లో ప్రయోగశాల ఫలితాలతో చూపించారు. (ఒకప్పుడు యానాన్ని ఏలిన ఫ్రెంచివాళ్లు చివరికి మన మెంతుల దగ్గరకొచ్చారన్న మాట.)

ఇక కలోంజీ. సౌదీ అరేబియాలో 94 మంది టైప్ 2 రోగులకు వారు వాడుతున్న మందులు ఆపకుండానే, కొందరికి 1 గ్రాము, కొందరికి 2, కొందరికి 3 గ్రాములు చొప్పున మూడు నెలలు ఇచ్చారు. 2010లో ఫలితాలు వెలువడ్డాయి. 1 గ్రాముతో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. 2 గ్రాములతో షుగర్ బాగా తగ్గింది. 3 గ్రాములతో అంతకు మించి ఒరిగిందేమీ లేదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదనేవారు ఈ ఫలితం చూడాలి. మరో సంగతి, వారికిచ్చింది గింజలు. మనకు అమ్ముతున్నది నూనె.

నల్ల గింజ గొప్పతనం గురించి హదీసు ఉన్నది, అది మన విశ్వాసం. దాన్ని సీసా మీద అచ్చువేసి, అడ్డమైన ధర పెట్టి, "ఇక మాత్రలు అక్కరలేదు" అని అమ్మేవాడి మాట వేరు. దైవప్రవక్త (స) మాటకు ఇచ్చే గౌరవాన్ని అతని సరుకుకు ఇవ్వనక్కరలేదు.

కొనేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. కిరాణా కొట్లో నల్ల జీలకర్ర అంటే ఒకరు కలోంజీ ఇస్తారు, ఇంకొకరు షాజీరా ఇస్తారు. షాజీరా సన్నగా, వంపుగా, జీలకర్ర ఆకారంలో ఉంటుంది. కలోంజీ కారునలుపు, కోణాలున్న చిన్న గింజ. ఉల్లి విత్తనం కూడా చూపుకు అలాగే ఉంటుంది. నలిపి చూస్తే కలోంజీకి ఘాటైన వాసన వస్తుంది, ఉల్లి విత్తనానికి ఆ వాసన ఉండదు.

ఈ రెండింటినీ యునానీలో ముదిర్రె హైజ్, అంటే బహిష్టును తెప్పించేవిగా లెక్కిస్తారు. కాబట్టి గర్భిణులు వంటలో వేసే చిటికెడు దాటి మందుగా వాడరాదు. మెంతుల జిగురు మాత్రలను కూడా అడ్డుకోవచ్చు గనుక రెండింటి మధ్య గంటా రెండు గంటలు ఎడం ఉండాలి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడుతూ వీటిని మొదలుపెడితే షుగర్ మరీ పడిపోయే అవకాశం ఉంది, రంజాన్ ఉపవాసాల్లో ఈ ప్రమాదం ఎక్కువ. రోజా ఉండదలచిన షుగర్ రోగులు నెల ముందే డాక్టరును కలిసి, తాము తింటున్నది ఏ గింజో, రోజుకు ఎన్ని చెంచాలో దాచకుండా చెప్పాలి.