నిలుకడ పరుగు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలుచుండి నీళ్లు త్రాగుట మేలని తెలుగువారి సామెత. తొందరపాటు తగదని చెప్పుటకే పెద్దలు ఈ మాట పలికిరి గాని, పరుగును నిందించుట వారి ఉద్దేశము కాదు. తొందర లేని పరుగు ఒకటి కలదు. అది ఒకే తీరున, అలసట నెఱిగి, గంటలకొలది సాగు పరుగు. మానవ దేహము అట్టి పరుగునకు తగినట్లు రూపొందినదని పెక్కుమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

వేగములో మానవుడు మృగములకు సాటి రాడు. చీతా యను మృగము గంటకు నూరు కిలోమీటర్లకు సమీపించిన వేగముతో పరుగెత్తగలదు. కాని ఆ వేగము ఒక నిమిషమైనను నిలువదు. నాలుగు కాళ్ల జంతువులలో పెక్కు రొప్పుటచేత ఒడలి వేడిమిని తగ్గించుకొనును. దౌడు తీయునపుడు రొప్పుట చక్కగా సాగదు. కావున ఎండలో అవి త్వరలోనే ఆగవలసి వచ్చును. మానవుని చర్మమునందు ఇరువది లక్షలకు పైగా స్వేద గ్రంథులు కలవు. ఒంటిమీద దట్టమైన రోమములు లేవు. చెమట ఆరినకొలది దేహము చల్లబడును. అందువలన అతడు పరుగెత్తుచునే వేడిమిని వదలించుకొనగలడు.

డెనిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్మన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు 2004లో ఈ విషయమును 'నేచర్' పత్రికలో విపులముగా చర్చించిరి. పిక్కను మడమతో కలుపు పొడవైన స్నాయువు, అరికాలి వంపు అడుగడుగున సాగి ముడుచుకొని, బలమును పొదుపు చేయును. పిరుదుల పెద్ద కండరము మొండెము ముందునకు తూలకుండ నిలుపును. మెడ వెనుకనున్న బంధనము తల అదరకుండ కాపాడును. సుమారు ఇరువది లక్షల సంవత్సరముల క్రిందటనే ఇట్టి లక్షణములు ఏర్పడినవని వారి వాదము. కలహారి ఎడారిలోని శాన్ జాతి వేటగాండ్రు మండుటెండలో జింకజాతి మృగమును గంటలకొలది తరిమి, అది సొమ్మసిల్లిన పిదప పట్టుకొనుట ఇందుకు నిదర్శనముగా చూపబడుచున్నది. అయితే ఈ వాదమును అందరును అంగీకరింపలేదు. నడక కొరకు ఏర్పడిన అవయవములే పరుగునకు కూడ ఉపకరించినవని కొందరందురు. నడకయే ముందైనను, పరుగే ముందైనను, ఓర్పుతో దూరము పోగలుగుట మానవుని సహజ శక్తి యనుట స్పష్టము.

ఆ దూరపు ప్రయాణముల జాడలను వెదకిన స్థలమొకటి హైదరాబాదులోని హబ్సిగూడలోనే కలదు. 1977లో స్థాపింపబడిన సి.సి.ఎం.బి. యను జీవశాస్త్ర పరిశోధన కేంద్రమునందు తంగరాజ్, లాల్జీ సింగ్ మొదలగువారు అండమాను దీవుల ప్రాచీన జాతులవారి జన్యువులను పరిశీలించిరి. ఆఫ్రికా ఖండమునుండి తొలుత వెలువడిన మానవుల సంతతి ఆ దీవులలో నిలిచియున్నదని 2005లో ప్రకటించిరి. ఆ పూర్వులకు గుఱ్ఱము లేదు, బండి లేదు. నేలమీద వారి వాహనము కాళ్లే. రైళ్లు రాకపూర్వము తెలుగుదేశమున ఉత్తరములు కూడ కాళ్లమీదనే సాగెను. ఒకడు కొంత దూరము పరుగిడి తపాలు సంచిని మఱియొకని కందించెడివాడు. అంచె యను మాట అట్టి ఏర్పాటునకే పేరు.

నేడు ఆ పరిశోధన కేంద్రము ముందరి దారిలో వాహనములు బారులు తీరి పోవుచుండును. 2017 నుండి దానిపై మెట్రో రైలు కూడ నడచుచున్నది. ఇవి దూరమును తగ్గించినవి, మంచిదే. కాని కూతవేటు దూరమునందున్న బడికి కూడ బిడ్డను బండిమీద దింపుట మేలు కాదు. తార్నాకకు చేరువనే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కలదు. దాని చెట్లనీడ బాటలలో ఉదయమున పెద్దలు నడచుచు, పరుగిడుచు ఉందురు. వ్యాధి వచ్చిన పిదప వైద్యుడు చెప్పగా నేర్చుకొను ఆ అలవాటు బాల్యముననే ఏల అలవడరాదు?

పాఠశాలల తీరు కూడ ఇందుకు కొంత కారణము. వార్షిక క్రీడలలో నూరు మీటర్ల పందెమునందు ముందు వచ్చిన ముగ్గురికి బహుమతులు దక్కును. కడపట వచ్చిన విద్యార్థి తాను పరుగునకు పనికిరానని తలచి మైదానమునకు దూరమగును. ఇది పొరపాటు. మెఱుపువేగము కొందరి సొత్తు. ఓర్పు అందరి వారసత్వము. బాలురకెంత హక్కో బాలికలకును అంతే. కావున ప్రతి పాఠశాలయందును వారమునకు ఒకమారైనను నెమ్మదిగా సాగు దూరపు పరుగు ఉండవలెను. తోడివానితో మాటలాడగలిగినంత మెల్లగా పరుగిడిన చాలును. గమ్యము చేరిన ప్రతివాడును గెలిచినట్లే యెంచవలెను. మొదట నడక, పిదప నడకతో కలిసిన పరుగు, అటుపై పరుగు, ఇది క్రమము. ఉబ్బసము, గుండెజబ్బు వంటివి గలవారు వైద్యుని సలహా పొందవలెను. పరుగు సాధ్యము కానివారికి తగిన వేఱొక వ్యాయామము చూపవలెను.

బాలబాలికలకు దినమునకు సగటున 60 నిమిషముల శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది బిడ్డల పూనికచేతనే నెరవేరదు. పాఠశాల మైదానము నియ్యవలెను. నగరము నడచువారికి భద్రమైన కాలిబాట నియ్యవలెను. తల్లిదండ్రులు వాహనమును కొంత విడువవలెను. లక్షల ఏండ్లుగా కూడిన ఈ ఆస్తి వాడినకొలది పెరుగునదే గాని తరుగునది కాదు. వాడక విడిచినవారికి మాత్రము అది ఉండియు లేనట్లే.