ఉన్నది ఒక్క సీటు.. ఎక్కేది ముప్పై మంది: ట్రాక్టర్ ప్రమాదాలు ఎందుకు ఆగడం లేదు?

వానాకాలం నాట్లు మొదలైనా, మిరప కోతలు మొదలైనా పేపర్లలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. ట్రాక్టర్ బోల్తా, కూలీల మృతి. రెండు రోజులు నాయకుల పరామర్శలు, ఎక్స్‌గ్రేషియా ప్రకటనలు, డ్రైవర్‌పై కేసు. మూడో రోజు అదే ఊరి నుంచి, అదే కాలువ కట్ట మీదుగా మరో ట్రాక్టర్ కూలీలతో బయలుదేరుతుంది. 'అదుపు తప్పింది' అన్న ఒక్క మాటతో అందరూ సరిపెట్టుకుంటారు. ఎందుకు తప్పింది, ఆ ట్రాలీలో అంతమంది ఎందుకున్నారు అని అడిగేవాళ్లు తక్కువ.

మరిచిపోలేని తేదీలు

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర పొలం పనికి వెళ్తున్న కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది. 9 మంది చనిపోయారు. మూడు నెలలు తిరగకముందే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ఇంకో ట్రాలీ బోల్తా పడింది. 15 మంది పోయారు. అందులో 14 మంది ఆడవాళ్లు, ఒక చిన్నారి. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్ల దగ్గర మిరప కోతల నుంచి తిరిగొస్తున్న ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొట్టింది. తీగలు తెగిపడి కనీసం 9 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఇతర రాష్ట్రాల్లోనూ ఇదే పరిస్థితి. 2022 అక్టోబర్ 1న ఉత్తరప్రదేశ్‌లోని కాన్పూర్ జిల్లాలో ట్రాలీ చెరువులో పడి 26 మంది మరణించారు. ప్రయాణాలకు ట్రాలీలు వాడొద్దని ఆ ప్రభుత్వం అప్పుడు విజ్ఞప్తి చేసింది. 2025 ఏప్రిల్ 4న మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో కూలీల ట్రాక్టర్ బావిలో పడి 7 గురు మహిళలు చనిపోయారు.

ఈ ఘటనల్లో ఎక్కువగా పోయింది స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు కాదు. వెనక ట్రాలీలో, బోలెడు మంది మధ్య కింద కూర్చున్న ఆడవాళ్లు. ట్రాలీ తిరగబడితే అది మూత పెట్టినట్లు మనుషుల మీద పడుతుంది. నీళ్లు మోకాటి లోతు ఉన్నా, ఆ ఇనుప డబ్బా కింద నుంచి బయటపడటం కష్టం.

బండి తయారైన తీరే వేరు

ట్రాక్టర్ లాగడానికి చేసిన యంత్రం. మోటారు వాహనాల చట్టం కూడా దాన్ని సొంతంగా బరువు మోయడానికి నిర్మించని వాహనం అనే నిర్వచిస్తుంది. అందుకే దానికి ఉన్నది ఒక్క సీటు, డ్రైవర్‌ది. మడ్‌గార్డు మీద కూర్చునే పిల్లాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. గుంతలో చక్రం దిగి ఎగిరితే వాడు పడేది నేరుగా పెద్ద టైరు ముందే.

ట్రాలీ సంగతి ఇంకా ఘోరం. ఊళ్లలో తిరిగే చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. లోడుతో ఉన్న ట్రాలీ ఇంజిన్ కన్నా బరువెక్కువ తూగుతుంది. వాలులో డ్రైవర్ బ్రేకు వేస్తే ట్రాక్టర్ నెమ్మదిస్తుంది కానీ ట్రాలీ వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. ఆ తోపుకు ట్రాక్టర్ పక్కకు తిరిగిపోతుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు ఉంటే, ఇంజిన్ పట్టు కూడా పోయినట్లే.

చాలామంది పట్టించుకోని ఇంకో విషయం బ్రేకు పెడళ్లు. ట్రాక్టర్‌కు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి ఉంటాయి. పొలంలో మూల తిరగడానికి ఒక్కటే తొక్కుతారు. రోడ్డెక్కే ముందు ఆ రెంటినీ కొక్కెంతో కలపాలి. కలపకుండా కంగారులో ఒక్కదాని మీదే కాలు పడితే బండి ఆగదు, ఆ వైపుకు తిరుగుతుంది. పక్కన కాలువ ఉంటే కాలువలోకే. రెండు పెడళ్లు కలపడానికి పట్టేది రెండు సెకన్లు.

సీటు ఖాళీగా ఉన్నప్పుడు

మనిషి లేకుండానే ట్రాక్టర్ కదిలి మీదకొచ్చిందన్న వార్తలు కొన్నిసార్లు వింతగా అనిపిస్తాయి. అందులో వింతేమీ లేదు. బ్యాటరీ వీక్ అయినప్పుడు, తాళం పనిచేయనప్పుడు కొందరు కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారును డైరెక్ట్ చేస్తారు. అలా చేస్తే, గేరులో ఉంటే స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్‌కు పనే లేకుండా పోతుంది. బండి గేరులో ఉంటే స్టార్ట్ అవుతూనే ముందుకు ఉరుకుతుంది. ఆ పని చేసే మనిషి నిలబడేది ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య. తప్పుకునే వ్యవధి ఉండదు. డీజిల్ ఇంజిన్ కాబట్టి, ఇంధనం ఆపేదాకా దానంతట అది ఆగదు.

వాలులో హ్యాండ్ బ్రేక్ వేయకుండా దిగడం, ఇంజిన్ నడుస్తుండగానే 'ఒక్క నిమిషం' అని గేటు తీయడానికి వెళ్లడం, తాళం బండికే వదిలి భోజనానికి పోవడం కూడా ఇలాంటివే. ఇంటి ముందు నిలిపిన ట్రాక్టర్ ఎక్కి ఆడుకునే పిల్లలు గేరు రాడ్ లాగితే బండి జారిపోతుంది.

బ్రిటన్‌లో వ్యవసాయ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ రైతులకు ఏళ్లుగా నాలుగు మెట్లు నేర్పుతోంది. సీటు దిగే ముందు హ్యాండ్ బ్రేక్ వేయాలి, గేర్లు, లివర్లు న్యూట్రల్‌కు తేవాలి, ఇంజిన్ ఆపాలి, తాళం తీసి జేబులో వేసుకోవాలి. దీనికి తోడు కల్టివేటర్, రోటావేటర్ లాంటివి నేలకు దించాలి. ఇంత పని పది సెకన్లలో అయిపోతుంది.

దమ్ములో వెనక్కి లేస్తే

దమ్ము చేసేటప్పుడు జరిగే ప్రమాదాల్లో డ్రైవర్లే పోతారు. బురదలో వెనక చక్రాలు దిగబడి కదలనప్పుడు ఇంజిన్ బలమంతా ముందు భాగాన్ని పైకి లేపుతుంది. ట్రాక్టర్ నిలువుగా లేచి వెనక్కి పడటానికి ఒకటిన్నర సెకను చాలు. దూకేద్దాం అనుకునేలోపే అయిపోతుంది. దిగబడ్డ చక్రాలకు దుంగ కట్టి ఇంజిన్ రేజ్ చేయడం చాలా ఊళ్లలో ఉన్న పద్ధతి. ప్రమాదాన్ని కోరి తెచ్చుకునే పద్ధతి కూడా అదే. వెనక పనిముట్టు విప్పి, మెల్లగా రివర్స్‌లో రావాలి. రాకపోతే ఇంకో ట్రాక్టర్‌తో లాగించాలి. గొలుసు ఎప్పుడూ ఇరుసు కన్నా కింద ఉండే కొక్కేనికే కట్టాలి. పైన కడితే బండి వెనక్కి తిరగబడుతుంది.

దీనికి విరుగుడు ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. స్వీడన్ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు డ్రైవర్ చుట్టూ గట్టి ఇనుప చట్రం తప్పనిసరి చేసింది. బండి తిరగబడినా సీటు దగ్గర ఖాళీ మిగులుతుంది, సీటు బెల్టు మనిషిని ఆ ఖాళీలోనే ఉంచుతుంది. తెలుగు రాష్ట్రాల పొలాల్లో తిరిగే చాలా ట్రాక్టర్లకు ఆ చట్రం కనిపించదు. ఎండకు వేసుకునే రేకు టాపు ఆ పని చేయదు.

దుపట్టా అంచు చాలు

నూర్పిడి యంత్రాన్ని తిప్పే పీటీఓ షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 సార్లు. 7 సెంటీమీటర్ల మందం ఉన్న షాఫ్ట్ ఒక్క సెకనులో దాదాపు రెండు మీటర్ల గుడ్డను చుట్టేస్తుంది. చీర కొంగు, దుపట్టా, బురఖా అంచు, లుంగీ.. ఏది చిక్కినా మనిషి అరిచేలోపే లోపలికి లాగుతుంది. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ తొడుగు విరిగితే మళ్లీ వేయించరు, అడ్డమని తీసేసేవాళ్లూ ఉన్నారు. తిరుగుతున్న షాఫ్ట్ మీదుగా దాటకూడదు. మిషన్‌లో గడ్డి ఇరుక్కుంటే ఇంజిన్ ఆపి, తిరగడం పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. దగ్గర పనిచేసే ఆడవాళ్లు దుపట్టాను మెడ చుట్టూ వదులుగా వదలకూడదు.

పోయాక పట్టించుకునేదెవరు?

ప్రమాదం తర్వాత కుటుంబానికి తగిలే రెండో దెబ్బ ఇన్సూరెన్స్. వ్యవసాయ పనికని చేయించిన పాలసీ ట్రాలీలో ఎక్కిన మనుషులకు సాధారణంగా వర్తించదు. ట్రాలీని చట్టం వేరే వాహనంగా చూస్తుంది. 2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. మట్టి ట్రాలీ మీద వెళ్తూ గాయపడిన ఒక పేద కూలీ విషయంలో కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అయినా తన ప్రత్యేక అధికారంతో, ముందు కూలీకి డబ్బు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోవాలని కంపెనీని ఆదేశించింది. అంటే చివరికి భారం ట్రాక్టర్ యజమానిదే. ఫైనాన్స్‌లో బండి కొన్న చిన్న రైతు అంత మొత్తం ఎక్కడ తెస్తాడు? కూలీ కుటుంబం ఎన్నేళ్లు తిరుగుతుంది?

ఇలాంటి కుటుంబాలు తెలుసుకోవాల్సిన దారులు కొన్ని ఉన్నాయి. ట్రాక్టర్‌తో వ్యవసాయ పనిచేసే కూలీ 2025 నవంబర్ దాకా 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం పరిధిలోకి వచ్చేవాడు, ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ ఉంది. దానికింద దావా వేయడానికి రెండేళ్ల గడువు ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లేవాళ్లు ఆరు నెలల్లోపే దరఖాస్తు చేసుకోవడం మంచిది. రెండింట్లో ఏదో ఒక్కదాని కిందే పరిహారం అడగాలి కాబట్టి ముందు వకీలును కలవాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం కాగితాలు జాగ్రత్తగా దాచుకోవాలి. తెలంగాణ రైతుబీమా భూమి పట్టా ఉన్న రైతుకే, కూలీకి రాదు. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉంది. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి.

ఇక ఇంట్లో మైనర్ పిల్లాడికి ట్రాక్టర్ ఇచ్చే తండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. 2019 సవరణ తర్వాత, పిల్లాడు ప్రమాదం చేస్తే యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడొచ్చు.

ఆటో కిరాయి ఎవరిస్తారు?

కూలీలకు ట్రాలీ ప్రమాదకరమని తెలియదా? బాగా తెలుసు. తెల్లారి ఊరి ముందు ఆగిన బండి ఎక్కకపోతే ఆ రోజు కూలీ పోయినట్లే. పొలం దాకా బస్సు ఉండదు, ఆటోకు పెడితే సంపాదనలో కొంత దారిలోనే అయిపోతుంది. రైతుకూ పెట్టుబడి పెరిగింది, ఇంట్లో ట్రాక్టర్ ఉండగా కిరాయి ఎందుకనుకుంటాడు. ఇద్దరూ మిగుల్చుకునే ఆ కొన్ని రూపాయల దగ్గరే ముప్పై మంది ప్రాణాలు ట్రాలీలోకి ఎక్కుతున్నాయి.

కాబట్టి 'ట్రాలీ ఎక్కొద్దు' అని బోర్డు పెడితే సరిపోదు. సీజన్ మొదట్లో మేస్త్రీ కూలీ రేటు మాట్లాడినప్పుడే రాకపోకల కిరాయి కూడా మాట్లాడాలి. పది మంది రైతులు కలిస్తే రెండు ఆటోలు సీజన్‌కంతా కుదుర్చుకోవచ్చు. కాలువ కట్టల మీద మలుపుల దగ్గర రక్షణ గోడలు కట్టడం నీటిపారుదల శాఖ, పంచాయతీలు చేయాల్సిన పని. ఊరి పెద్దలు, మసీదు కమిటీలు, మహిళా సంఘాలు గట్టిగా అడిగితే ఎమ్మార్వో, ఎమ్మెల్యే వినక తప్పదు. పెళ్లికీ, వలీమాకూ, ఉర్సుకూ ట్రాలీలో జనాన్ని తరలించే అలవాటును మాత్రం ఏ ప్రభుత్వం కోసమూ ఎదురుచూడకుండా ఇవాళే ఎవరింట్లో వాళ్లు మానుకోవచ్చు.