హాల్లో ఈల సరే... ఆఫీసులో?

ఈల అనగానే మనకు సినిమా హాలే గుర్తొస్తుంది. హీరో కాలు తెరమీద పడగానే ముందు బెంచీల్లో మొదలై బాల్కనీ దాకా పాకే ఈల. గుంటూరు, చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు... ఈ పత్తి, మిర్చి నేలలో ఈల వేయడం రానివాడు సినిమా చూసినా చూడనట్టే లెక్క! ఇంగ్లిషువాళ్లకు మాత్రం ఇంకో రకం ఈల ఉంది. తాను పనిచేసే ఆఫీసులోనే తప్పు జరుగుతుంటే దాన్ని బయటపెట్టే ఉద్యోగిని వాళ్లు 'విజిల్‌ బ్లోయర్‌' అంటారు. మన పత్రికలు దానికి 'ప్రజావేగు' అని పేరు పెట్టాయి. మాట బాగానే ఉంది. కాకపోతే వేగు అనగానే మనకెందుకో చాడీలు చెప్పేవాడు గుర్తొస్తాడు. అసలు తంటా అక్కడే ఉందేమో!

మరి ఈ రెండో రకం ఈల మీద సినిమా తీస్తే, హాల్లో మొదటి రకం ఈల పడుతుందా?

2021 అక్టోబరు 1న 'రిపబ్లిక్‌' వచ్చింది. దేవా కట్టా దర్శకుడు. సాయి ధరమ్‌ తేజ్‌ కుర్ర ఐఏఎస్‌ అధికారి. తెల్లేరు అనే సరస్సు, దాన్ని ఆక్రమించుకున్న చేపల చెరువులు, వాటి వెనకున్న రాజకీయం, ఆ రాజకీయానికి గొడుగు పట్టే ఓ పార్టీ అధినేత్రిగా రమ్యకృష్ణ. తండ్రేమో అవినీతిలో మునిగిన ఉద్యోగి... జగపతిబాబు. ప్రభుత్వం లోపల కూర్చున్న మనిషి ప్రభుత్వాన్నే ప్రశ్నిస్తే ఏమవుతుందన్నది కథ. చివరికి ఏమీ బాగవదు. విషాదంతోనే ముగుస్తుంది.

ఆ సినిమా సంగతి కదిపితే మన వైపు వినిపించే మాటలు భలేగా ఉంటాయి. "చెప్పినవన్నీ నిజాలేనండీ, కానీ మరీ పాఠంలా ఉంది" అనేవాళ్లు ఎక్కువ. డబ్బులు పెట్టి వచ్చింది రెండున్నర గంటలు మర్చిపోవడానికి కానీ, రోజూ ఎమ్మార్వో ఆఫీసులో చూసేదే మళ్లీ చూడటానికా అన్నది వాళ్ల వాదన. కాదనలేం. ఇంకొందరిది వేరే బాధ. "అంత చదువుకున్నవాడు, కలెక్టరు... చివరికి అట్లా చేస్తారా? మనిషిని గెలిపించొద్దూ!" అని. మూడోరకం వాళ్లు సినిమా గురించి అసలు మాట్లాడరు. అది ఎవరి మీద తీశారో చెప్పమంటారు. ఫలానా పార్టీ మీదే అని ఒకరు, కాదు ఫలానా నాయకురాలి మీదని ఇంకొకరు. విడుదలకు ముందు జరిగిన వేడుకలో పవన్‌ కల్యాణ్‌ సినిమా టికెట్ల విషయమై అప్పటి రాష్ట్ర ప్రభుత్వాన్ని గట్టిగా విమర్శించారు. దాంతో సినిమా తెరమీదికి రాకముందే చూడాలా వద్దా అన్నది పార్టీల లెక్కయి కూర్చుంది. సరస్సు సంగతి ఎవరికి పట్టింది?

పట్టినవాళ్లు లేకపోలేదు. తెల్లేరు అంటే కొల్లేరే అనుకున్న కొల్లేటి గ్రామాలవాళ్లు సినిమాపై అభ్యంతరం చెప్పారు. మా నీళ్లు విషమనీ, మా చేపలు విషమనీ చూపిస్తే రేపు మా చేప ఎవరు కొంటారని అడిగారు. నా మటుకు ఈ సినిమా మీద వచ్చిన అభిప్రాయాలన్నింట్లోకీ బరువైంది ఇదే. ఎందుకంటే ఇది సినిమా ఎలా ఉందన్న ముచ్చట కాదు, పొట్టకూటి మాట. తప్పును బయటపెట్టేవాడు ఊరి మంచికే బయటపెట్టినా, ముందుగా నష్టపోయేది ఆ ఊరివాళ్లే కావచ్చు. అలాంటప్పుడు వాళ్లు అతనికి దండ వేస్తారా? రాయి వేస్తారు. సినిమా కథలోకి ఈ చిక్కు ఇంకా లోతుగా వచ్చుంటే బాగుండేదనిపిస్తుంది.

థియేటర్లలో 'రిపబ్లిక్‌' పెద్దగా ఆడలేదు. తర్వాత ఓటీటీలో, ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు మాత్రం "అరె, బాగానే తీశాడే" అన్నారు. ఇంట్లో ఎవరూ ఈల వేయరు కదా. అందుకే కాబోలు నచ్చింది.

అయితే మనవాళ్లకు ఇలాంటి కథలు పడవని తీర్మానించేయకండి. ఒంగోలు దగ్గర టంగుటూరు మండలం కాకుటూరివారిపాలెం నుంచి వచ్చిన టి.కృష్ణ 1985లో 'ప్రతిఘటన' తీస్తే రాష్ట్రం ఊగిపోయింది. మాటలు రాసింది ఎం.వి.ఎస్‌. హరనాథరావు. ఆయనదీ ఒంగోలు నాటకాల బాటే. ఇద్దరూ రంగస్థలం మీద జనం నాడి పట్టుకుని సినిమాల్లోకి వెళ్లినవాళ్లు. మన పల్లెల్లో పరిషత్తు నాటకం చూసే ప్రేక్షకుడి తీరు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నచ్చకపోతే తుండు దులిపి లేచిపోతాడు. నచ్చితే తెల్లవారేదాకా కదలడు.

'ప్రతిఘటన' కథ చాలామందికి గుర్తే. నడిబజార్లో, అందరూ చూస్తుండగా కాళి అనే రౌడీ ఓ నిజాయతీపరుడైన ఇన్‌స్పెక్టర్ని చంపేస్తాడు. చూసినవాళ్లు ఎందరో. నోరు విప్పింది ఒక్కతే... లెక్చరరు ఝాన్సీ. అందుకు ఆమెను నలుగురిలో అవమానిస్తారు. రౌడీ వెనక మంత్రి ఉన్నాడు. భర్తకు భయం. ఆ మంత్రి కాశయ్యగా తెలంగాణ యాసలో నవ్వుతూ భయపెట్టిన కోట శ్రీనివాసరావు ఆ ఒక్క సినిమాతో ఇంటింటికీ తెలిసిపోయాడు. వేటూరి రాసిన పాటను ఎస్‌.జానకి పాడితే, ఆడవాళ్లు హాళ్లలో కళ్లు తుడుచుకున్నారు. విజయశాంతికి నంది బహుమతి వచ్చింది.

కానీ ఆ సినిమాలో నాకెప్పుడూ కళ్లకు కట్టేది ఇంకో పాత్ర. సుత్తివేలు వేసిన మతిచెడిన మాజీ కానిస్టేబుల్‌. ఒకప్పుడు డ్యూటీ డ్యూటీలా చేసినందుకే ఆ గతి పట్టినవాడు. అసలు సిసలు ప్రజావేగు కథ అతనిదే. లోపలి మనిషి, తప్పు చూసి ఊరుకోనివాడు, చివరికి రోడ్డుమీద పిచ్చివాడు. అతను కనిపిస్తే హాల్లో ముందు నవ్వు, ఆ వెనకే ఓ నిశ్శబ్దం. ఈల మాత్రం లేదు. ఈల ఎప్పుడు పడిందీ అంటే... చివర్లో ఝాన్సీ సన్మాన సభ వేదిక ఎక్కి గొడ్డలితో కాళిని నరికినప్పుడు!

అదీ సంగతి. కానిస్టేబుల్‌ది ఉద్యోగ ధర్మం, ఝాన్సీది కోర్టులో సాక్ష్యం. మనం రెండింటికీ జాలిపడ్డాం. గొడ్డలికి మాత్రం చప్పట్లు కొట్టాం. 'రిపబ్లిక్‌' హీరో చేతికి గొడ్డలి ఇవ్వలేదు, ఫైలు ఇచ్చారు. ఫైలుకు ఈల ఎవరు వేస్తారు చెప్పండి?

సరే, ప్రేక్షకుడిదే తప్పంటే అదీ అన్యాయమే. సాక్ష్యం చెప్పినవాడు గెలవడం అతను బయటెక్కడా చూడలేదు. చూడనిదాన్ని తెరమీద నమ్మడు. గొడ్డలైతే కలే అని అతనికి తెలుసు, కలగానే చూస్తాడు. ఫైలు పట్టుకుని గెలిచాడని చూపిస్తే "ఊరుకోండి సార్‌" అంటాడు. ఓడిపోయాడని చూపిస్తే "ఈమాత్రం దానికి టిక్కెట్టెందుకు" అంటాడు. పాపం, దర్శకుడెటు పోవాలి?

అమెరికాలో దీనికి భలే ఉదాహరణ ఉంది. వాటర్‌గేట్‌ వ్యవహారంపై 1976లో 'ఆల్‌ ద ప్రెసిడెంట్స్‌ మెన్‌' తీశారు. ఇద్దరు విలేకరులకు లోపలి గుట్టు అందించే మనిషి కార్లు నిలిపే చీకటి చోట నిలబడి మాట్లాడతాడు. మొహం సరిగా కనపడదు. ఎవరో తెలియదు. ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్‌ ఫెల్ట్‌ అతనేనని బయటపడింది 2005లో! అప్పటికి ఆయన వయసు తొంభై దాటింది. అంటే సినిమా వచ్చాక దాదాపు ముప్ఫై ఏళ్లపాటు ఆ ప్రేక్షకులు మొహం లేని మనిషిని మెచ్చుకున్నారు. మన దగ్గర మొహంలేని హీరోతో సినిమా తీస్తే డిస్ట్రిబ్యూటరు తలుపు తీస్తాడా?

తెర కాసేపు పక్కనపెట్టి పత్తి సంగతికొద్దాం. ఇక్కడ పెద్ద సినిమాకు సరిపోయే కథ జరిగింది. 2014-15 సీజన్లో పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,050 రూపాయలు. రైతు దగ్గర అంతకన్నా తక్కువకు దళారులు కొన్నారనీ, అదే సరుకును రైతుల పేర్ల మీద సీసీఐకి మద్దతు ధరకు అమ్మారనీ గుంటూరు జిల్లాలో ఆరోపణలు గుప్పుమన్నాయి. సీబీఐ రంగంలోకి దిగింది. మార్కెట్‌ కమిటీల కార్యదర్శులు కొందరు సస్పెండయ్యారు.

ఇలాంటి వ్యవహారం ఒక్కడి చేతిమీద నడవదు. పత్తి దించిన హమాలీ చూస్తాడు. కాటా దగ్గర కూర్చున్నవాడు చూస్తాడు. తేమ ఎనిమిది శాతమో పన్నెండో పరీక్షించేవాడికి తెలుస్తుంది. పాసుపుస్తకం నకలు తీసుకున్న గుమాస్తాకు ఆ పొలంలో పండినదెంతో, పుస్తకంలో రాసిందెంతో తెలుస్తుంది. ఒక ఊళ్లో అరెకరం రైతు పేరుమీద లారీ లోడు పడితే అర్థంకాకుండా ఉంటుందా! రైతుకు మాత్రం చివరికి తెలుస్తుంది. అప్పటికి బోరేలు మిల్లులోకి వెళ్లిపోయి ఉంటాయి. విత్తనాల్లో కూడా అంతే. మొలక శాతం తగ్గిందని ముందుగా తెలిసేది పరీక్షించే చోటున్న ఉద్యోగికి. కాయ పట్టని చెట్టును చూసి తెలుసుకునేది రైతు. మధ్యలో నాలుగు నెలల కాలం, ఎకరానికి వేలల్లో అప్పు. నకిలీ విత్తనాలతోనూ, కల్తీ మందులతోనూ దెబ్బతిన్న ఈ నేలకు లోపలి మనిషి ఒక్క మాట ముందుగా చెబితే దాని విలువెంతో వేరే చెప్పాలా?

చెప్పడు. ఎందుకు చెబుతాడు? సత్యేంద్ర దూబే సంగతి అందరికీ గుర్తే. జాతీయ రహదారుల సంస్థలో ఇంజినీరు. స్వర్ణ చతుర్భుజి రోడ్డు పనుల్లో అక్రమాలు జరుగుతున్నాయని 2002లో నేరుగా ప్రధానమంత్రికే రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని కోరాడు. ఆ ఉత్తరం ఆఫీసులు తిరిగింది. 2003 నవంబరులో బిహార్లోని గయలో అతన్ని కాల్చి చంపారు. దేశమంతా గగ్గోలయ్యాక 2004లో కేంద్రం ఓ తీర్మానం చేసింది. అవినీతిపై సమాచారమిచ్చేవాళ్ల పేర్లు గుట్టుగా ఉంచే పని కేంద్ర విజిలెన్స్‌ కమిషన్‌కు అప్పగించింది. పదేళ్ల తర్వాత, 2014లో, ప్రజావేగుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం కూడా వచ్చింది. కానీ దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్‌ ఇప్పటిదాకా రాలేదు. చట్టం ఉంది, పుస్తకంలో ఉంది. అంతే.

కాబట్టి ఇవాళ్టికీ మిగిలింది ఆ 2004 నాటి దారే. ఫిర్యాదు కవరులో పెట్టి అంటించాలి. కవరు మీద ఇది ప్రజా ప్రయోజన సమాచార తీర్మానం కింద ఇస్తున్న ఫిర్యాదని రాయాలి. పంపేవారి పేరు మాత్రం కవరు మీద ఉండకూడదు, లోపలి ఉత్తరంలోనే ఉండాలి. పేరులేని ఉత్తరాన్ని పట్టించుకోరు. అంటే ధైర్యం చేసి ఒక్కరికైనా మొహం చూపించాల్సిందే.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ కవరు పనిచేసేది కేంద్ర ప్రభుత్వ శాఖలు, కేంద్ర సంస్థల విషయంలోనే. సీసీఐ కేంద్రానిది. మార్కెట్‌ కమిటీ రాష్ట్రానిది. వ్యవసాయాధికారీ రాష్ట్ర ఉద్యోగే. పత్తి యార్డులో ఒకే బల్లకు రెండువైపులా ఇద్దరు కూర్చుని ఉంటారు, ఒకే బోరెం చూస్తారు, ఒకే దొంగ లెక్క చూస్తారు. ఇటు సీసీఐ కొనుగోలు మీద రాసిన కవరు ఢిల్లీలో విజిలెన్స్‌ కమిషన్‌ తెరిచి చదువుతుంది. అటు మార్కెట్‌ కమిటీ కార్యదర్శి మీద రాసిందైతే, ఇది మా పరిధి కాదంటుంది.