ఫోను నాది, తాళంచెవి వారిది

జెయిల్‌బ్రేకింగ్ అన్న మాటను తెలుగులో ఏమనాలా అని కొన్నాళ్లుగా ఆలోచిస్తున్నాను. “చెరవిడుపు” అంటే బాగుంటుందనిపించింది. ఇంతకన్న మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా స్వీకరిస్తాను. మాట కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, ఆ ఆంగ్లపదంలోనే ఒక తీర్పు దాగి ఉంది. జైలుగోడ పగలగొట్టేవాడు ఎవడు? నేరస్థుడు. ఆ బొమ్మ మనసులో పడిన తరువాత తక్కిన వాదమంతా దొంగ చెప్పుకునే సంజాయిషీలా వినిపిస్తుంది. నిజానికి ఇక్కడ చెరలో ఉన్నది మనిషి కాదు, అతడు సొమ్ము చెల్లించి కొనుక్కున్న వస్తువు. విడిపిస్తున్నవాడు దాని యజమాని. తన వస్తువును విడిపించుకోవడానికి యజమాని దొంగదారి వెతుక్కోవలసిన స్థితి ఎందుకు వచ్చింది?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోనుకు తాళం వేయడం తప్పు కాదు. కొన్నవాడికి తాళంచెవి ఇవ్వకపోవడం తప్పు.

2007 జూన్ 29న అమెరికాలో రెండు సంగతులు జరిగాయి. ఆపిల్ సంస్థ తన మొదటి ఐఫోనును అమ్మకానికి పెట్టింది. అదే రోజున ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ జీపీఎల్ లైసెన్సు మూడవ కూర్పును విడుదల చేసింది. మొదటిదాని కోసం జనం దుకాణాల ముందు బారులు తీరారు. రెండవది ప్రోగ్రాములు రాసేవారికి తప్ప ఎవరికీ పట్టలేదు. కాని ఆ రెండూ ఒకే ప్రశ్నకు ఎదురెదురు జవాబులు.

అప్పట్లో టీవో అనే పెట్టె ఉండేది. టీవీ కార్యక్రమాలను దాచిపెట్టుకుని తీరికగా చూసుకోవడానికి వాడేవారు. లోపల లినక్సే పనిచేసేది. లైసెన్సు ప్రకారం ఆ సంస్థ మూలసంకేతాన్ని అందరికీ ఇచ్చింది. అయితే ఎవరైనా దానిని మార్చి తిరిగి ఆ పెట్టెలో పెడితే పెట్టె ఒప్పుకునేది కాదు. వంట ఎలా చేయాలో చెప్పి పొయ్యికి తాళం వేసినట్టన్నమాట. ఈ మెలికను విప్పడానికే జీపీఎల్ మూడవ కూర్పులో ఒక నియమం చేర్చారు. ఈ లైసెన్సు గల ప్రోగ్రామును గృహోపకరణంలో పెట్టి అమ్మితే, మార్చిన కూర్పును అందులో ఎక్కించుకునే విధానాన్ని కూడా కొన్నవాడికి ఇవ్వాలన్నది దాని సారాంశం. ఫోన్ల ప్రపంచం అటువైపు నడవలేదు. టీవో చూపిన దారినే నడిచింది.

మొదటి ఏడాది ఐఫోనులో బయటివారు రాసిన యాప్‌కు చోటే లేదు. జాలపుటలు తయారుచేసుకోండి, చాలునన్నారు. కొద్ది వారాలకే ఔత్సాహికులు దాని చెర విడిపించి సొంత ప్రోగ్రాములు పెట్టుకున్నారు. 2008లో సిడియా అనే అంగడి వెలిసింది. ఆపిల్ వారి సొంత యాప్ స్టోర్ తెరుచుకున్నది ఆ తరువాత, అదే సంవత్సరం జూలైలో. మన దేశంలో ఐఫోను అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2008 ఆగస్టు 22న, 8 జీబీ ఫోను 31,000 రూపాయలకు. అంతకుముందు అమెరికా నుంచి బంధువులు తెచ్చిన ఫోనులో ఇక్కడి సిమ్ము వేస్తే పలికేది కాదు. ఏటీ అండ్ టీ నెట్‌వర్కుకు కట్టివేసిన తాళం అది. ఆ ముడి విప్పాలంటే ముందు చెర విడిపించవలసి వచ్చేది. అంటే మనవారిలో చాలామంది చెరవిడుపును స్వేచ్ఛాసిద్ధాంతంగా కాక, ఫోను మోగడానికి అవసరమైన మరమ్మతుగానే ఎరుగుదురు.

చెర విడిపించిన ఫోన్లలో పుట్టిన ఆలోచనలు తరువాత కంపెనీ ఫోన్లలోకి రావడమూ చూశాం. ఒక్క వేలి కదలికతో వైఫై, బ్లూటూత్ వంటివాటిని ఆర్పి వెలిగించుకునే వీలును ఎస్‌బీసెట్టింగ్స్ అనే ప్రోగ్రాము ఎప్పుడో ఇచ్చింది. ఆపిల్ అలాంటిదాన్ని కంట్రోల్ సెంటర్ పేరుతో 2013లో తెచ్చింది.

ఇక ఆ తాళం సంగతి. ఫోను వెలిగించగానే మొట్టమొదట పనిచేసే చిన్న ప్రోగ్రాము చిప్పులోనే చెక్కి ఉంటుంది. అది తరువాతి ప్రోగ్రాము మీద తయారీదారు సాంకేతిక సంతకం ఉన్నదో లేదో చూస్తుంది. ఉంటేనే పగ్గాలు అప్పగిస్తుంది. అది తన తరువాతిదాన్ని పరీక్షిస్తుంది. ఇట్లా గొలుసుగా సాగుతుంది. ఫోను ఎవరి చేతికైనా చిక్కినప్పుడు లోపల మరొకటి చొప్పించకుండా కాపాడేది ఈ గొలుసే. ఇది మంచి ఏర్పాటు. నా పేచీ ఒక్కచోటే: ఆ గొలుసు యజమాని సంతకాన్ని ఎన్నడూ ఒప్పుకోదు. ఐఫోనులో నేను రాసుకున్న ప్రోగ్రామును నా ఫోనులోనే ఉచితంగా పెట్టుకుంటే ఏడు రోజులకు చెల్లకుండా పోతుంది. అంతకన్న ఎక్కువ కాలం నిలవాలంటే ఏడాదికి 99 డాలర్లు కట్టి డెవలపరుగా నమోదు కావాలి. సొంత ఇంటికి అద్దె కట్టడం ఇదే కాదా?

మన తెలుగు బ్లాగరులకు ఈ వ్యవహారం కొత్త కాకూడదు. ఒకప్పుడు ఈనాడు వంటి పత్రికల జాలస్థలాలు వారి వారి సొంత ఖతులలో ఉండేవి. ఆ ఖతి లేకపోతే పుటంతా పిచ్చిగీతలు. మంటనక్కకు “పద్మ” అనే పొడిగింతను తగిలించుకుంటే అదే పుట యూనికోడులోకి మారి చక్కగా కనిపించేది. పత్రిక అనుమతిని ఎవరూ అడగలేదు. విహరిణి తయారుచేసినవారి సంతకమూ ఆనాడు అవసరం కాలేదు. తెలిసినవారు రాశారు, కావలసినవారు పెట్టుకున్నారు. మన చేతిలోని పనిముట్టు మన మాట వినేది గనుకనే అది సాధ్యమైంది.

అదే తెలుగు ఫోనులోకి వచ్చేసరికి కథ మారింది. తొలినాళ్ల ఆండ్రాయిడ్ ఫోన్లు అనేకం తెలుగును డబ్బాలుగా చూపేవి. కొందరు ఒపెరా మినీలోని మరుగు అమరికను మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకుని చదివారు. మరికొందరు ఫోనును రూట్ చేసి లోపల తెలుగు ఖతిని పెట్టుకున్నారు. ఒత్తులూ గుణింతాలూ కుదురుగా కూర్చోకపోయినా డబ్బాల కన్న నయమనుకున్నారు. తన మాతృభాష కనిపించడం కోసం తాళం విరిచినవాడిని దొంగ అనగలమా?

2018 ఫిబ్రవరిలో మరీ విడ్డూరం జరిగింది. “జ్ఞ”కు, దాని దీర్ఘానికి నడుమ కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉన్న తెలుగు అక్షరం వస్తే ఐఫోనులో ఆ యాప్ కూలిపోయేది. తాఖీదు రూపంలో తెరపైకి వస్తే ఫోనే మళ్లీ మళ్లీ మొదలయ్యేది. “జ్ఞానం” తట్టుకోలేని ఫోనని మనవారు పరిహాసమాడారు. ఆపిల్ కొద్ది రోజుల్లోనే, ఫిబ్రవరి 19న, ఐఓఎస్ 11.2.6 ద్వారా దానిని దిద్దింది. లోపం ఉండడాన్ని నేను తప్పుపట్టడం లేదు. లోపం లేని ప్రోగ్రాము లేదు. నన్ను ఆలోచింపజేసింది వేరు. తెలుగు లిపి నిర్మాణం, యూనికోడు మర్మం రెండూ ఎరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. తమ ఫోనులో తమ అక్షరాన్ని దిద్దుకునే వీలు వారిలో ఒక్కరికీ లేదు. ఈ లోపం ప్రపంచమంతటా వార్త అయింది కాబట్టి వెంటనే దిద్దారు. వార్త కాని లోపాల మాటేమిటి? చిన్న భాషల వారికి ఎన్నటికీ తీరిక దొరకని లోపాల మాటేమిటి?

ఎదుటి వాదాలను కూడా న్యాయంగా చూద్దాం.

మొదటిది భద్రత. ఇది ఉత్తమాట కాదు. 2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఐకీ అనే పురుగు వ్యాపించింది. చెర విడిపించి, లోనికి దూరంనుంచి వెళ్లే ద్వారం పెట్టుకుని, “ఆల్పైన్” అనే పుట్టుసంకేతపదాన్ని మార్చని వారి ఫోన్లలో అది దూరింది. అదృష్టవశాత్తు తెరమీద రిక్ ఆస్ట్లే అనే గాయకుడి బొమ్మ పెట్టి ఊరుకుంది. మరొకడైతే ఊరుకోడు. అయితే 2011 జూలైలో జరిగినది కూడా చెప్పుకోవాలి. జెయిల్‌బ్రేక్‌మీ అనే జాలపుటను తెరిస్తే చాలు, ఫోను చెర విడిపోయేది. పీడీఎఫ్‌లోని ఖతులను చదివే భాగంలో ఒక కన్నం ఉండడమే కారణం. దానిని కనిపెట్టినవారే దానిని పూడ్చే అతుకునూ ఇచ్చారు. ఆపిల్ దిద్దుబాటు వచ్చేదాకా ఆ కన్నం పూడ్చుకోగలిగినవారు చెర విడిపించుకున్నవారే!

ఈ రెండు ఉదాహరణల అడుగున ఉన్న అసలు సమస్యను గమనించండి. తాళంచెవి ఇవ్వకపోవడం వల్ల, యజమానీ దొంగా ఒకే కన్నం కోసం వెతకవలసి వస్తున్నది. కన్నం పూడితే తన స్వేచ్ఛ పోతుందని యజమాని భద్రతా దిద్దుబాటును వేసుకోకుండా వాయిదా వేస్తాడు. ఇది భద్రతను పెంచే ఏర్పాటా, తగ్గించేదా? ద్వారం గుండా పోనిస్తే గోడకు కన్నం పెట్టే అవసరం ఎవరికి?

రెండవ వాదం: దొంగ యాప్‌లు. చెర విడిపించిన ఫోన్లలో డబ్బు చెల్లించని యాప్‌లు ఎక్కించుకున్నవారు ఉన్నారు, నిజమే. ఆ దొంగతనాన్ని శిక్షించండి. కత్తితో కూర తరిగేవాడినీ గొంతు కోసేవాడినీ ఒకే గాట కట్టకండి. ఈ విషయంలో మన చట్టమే మెరుగు. 2012లో మన కాపీరైటు చట్టానికి చేర్చిన 65ఏ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించేవారికి రెండేళ్ల దాకా జైలుశిక్ష అంటున్నది. ఉద్దేశం అన్న ఆ ఒక్క మాటే కీలకం. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ చట్టంలో ఆ మాట లేకపోవడం వల్ల, మూడేళ్లకొకసారి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర మినహాయింపులు అడగవలసి వస్తున్నది. ఫోన్ల చెరవిడుపుకు 2010 జూలైలో మినహాయింపు దొరికింది. టాబ్లెట్లకు 2012లో నిరాకరించి 2015లో ఇచ్చారు. పైగా ఆ మినహాయింపు విడిపించుకునే పనికే గాని, విడిపించే పనిముట్టును పదిమందికి పంచడానికి కాదు. తలుపు తీసుకో, కాని తాళంచెవి చేసేవాడు మాత్రం ఉండకూడదన్నమాట.

మూడవ వాదం: “నచ్చకపోతే కొనవద్దు.” వినడానికి సబబుగానే ఉంటుంది. కాని కొన్నాక షరతులు మారితే? ప్లేస్టేషన్ 3లో లినక్సు పెట్టుకునే సౌకర్యం ఉందని చెప్పి అమ్మిన సోనీ, 2010 ఏప్రిల్‌లో ఒక దిద్దుబాటుతో దానిని తీసివేసింది. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, పాఠకులు సొమ్ము చెల్లించి కొన్న ఆర్వెల్ పుస్తకాలను వారి కిండిల్ పరికరాల నుంచి చెరిపివేసింది. వాటిలో “1984” కూడా ఉండడం విధి విలాసం. బ్యాటరీ ముదిరిన ఐఫోన్లను నెమ్మదింపజేస్తున్నామని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. అమ్మకం ముగిసిన తరువాత కూడా అమ్మినవాడి చేయి వస్తువు లోపలే ఉన్నప్పుడు “కొనవద్దు” అన్న సలహా అక్కరకు రాదు. పైగా ఎంచుకోవడానికి ఉన్నవి రెండే రెండు వ్యవస్థలు.

ఆ రెండవది కూడా బిగుసుకుంటున్నది. తన అంగడి బయటనుంచి వేసుకునే యాప్‌లను సైతం, తన దగ్గర గుర్తింపు ధ్రువీకరించుకున్న డెవలపర్లే రాయాలనే నియమాన్ని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. విమర్శలు వచ్చాక, తెలిసి వేసుకునే అనుభవజ్ఞులకు ఒక దారి ఉంచుతామని నవంబరులో చెప్పింది. ఐరోపాలో మాత్రం డిజిటల్ మార్కెట్ల చట్టం కారణంగా 2024 మార్చిలో ఆపిల్ ఇతర యాప్ అంగళ్లను అనుమతించింది. ఐరోపావారి చేతిలోని ఫోనూ మన చేతిలోనిదీ ఒకే కర్మాగారపు సరుకు కావచ్చు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ప్రమాదకరం ఎట్లా అయింది?

నేను కోరేది గొంతెమ్మ కోరిక కాదు. అది అమలులో ఉన్న పద్ధతే. గూగుల్ నేరుగా అమ్మే పిక్సెల్ ఫోన్ల బూట్‌లోడరు తాళాన్ని యజమాని తీసుకోవచ్చు. తీయగానే ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది, కాబట్టి దొంగకు చిక్కేదేమీ లేదు. వెలిగించినప్పుడల్లా హెచ్చరిక కనిపిస్తుంది. కావాలంటే మరొక నిర్వాహక వ్యవస్థను ఎక్కించి, దాని సంతకాన్ని ఫోనుకు గుర్తు చెప్పి, మళ్లీ తాళం వేసుకోవచ్చు. గ్రాఫీన్‌ఓఎస్ వాడేవారు చేస్తున్నది ఇదే. భద్రతా స్వేచ్ఛా ఒకే ఒరలో ఇమడవన్న మాటకు ఇంతకన్న సమాధానం ఏం కావాలి?

నా మేజా సొరుగులో ఒక పాత ఫోను ఉంది. తెర బాగుంది, బ్యాటరీ రోజంతా నిలుస్తుంది. దిద్దుబాట్లు ఆపేశామని కంపెనీ ప్రకటించింది. ఒక్కొక్క యాప్ నన్ను గెంటివేస్తున్నది. తాళంచెవి ఉంటే అందులో చిన్న లినక్సు ఎక్కించి, పక్కింటి పిల్లవాడికి తెలుగు విక్షనరీ చదువుకునే పరికరంగా ఇచ్చేవాణ్ణి. ఇప్పుడది పాత సామాన్లవాడికి తప్ప ఎవరికీ పనికిరాదు. కంపెనీ తన బాధ్యత వదులుకుంది, అధికారం మాత్రం వదులుకోలేదు. చట్టం కనీసం ఈ ఒక్క పని చేయాలి: దిద్దుబాట్లు ఆపిన రోజునే తాళంచెవిని యజమానికి అప్పగించి తీరాలి.

అందరూ చెర విడిపించుకోవాలని నేననడం లేదు. రూట్ చేసిన ఫోన్లలో చాలా బ్యాంకు యాప్‌లు పనిచేయవు. తెలియని పని చేసి చిక్కుల్లో పడవద్దు. మీరు ఈసారి ఫోను కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగినట్టే మరి రెండు ప్రశ్నలు అడగండి: దిద్దుబాట్లు ఎన్నేళ్లిస్తారు, బూట్‌లోడరు తాళం తీయనిస్తారా? అంగడివాడు తెల్లమొహం వేయవచ్చు. పదిమంది అడిగితే పైవాళ్లను కనుక్కుంటాడు. యూనికోడు తెలుగు విషయంలో కూడా మనం చేసింది అదే కదా, విసుగు లేకుండా అడుగుతూ పోవడం.