గర్భచిత్రమును జూచు విధము

స్కానింగు తెరపై బిడ్డ పరుండినట్లు కనబడగానే, వెంట వచ్చిన పెద్దలు “బిడ్డ అడ్డము తిరిగినది” యని తల్లడిల్లుదురు. చిత్రపు దిక్కు నెఱుంగమియే ఈ భయమునకు మూలము. కావున మేమిచ్చట దానిని వివరించుచున్నాము.

తెర పైయంచు తల్లి శిరస్సు గాదు; పరికరము తాకిన చర్మము. క్రిందికి బోవుకొలది లోతు. నిలువుగా జూచునపుడు తెర యెడమవైపు తల్లి తలదిక్కును, కుడివైపు కాళ్ళదిక్కును ఉంచుట వాడుక. కావున తలక్రిందుగా సరిగా నున్న బిడ్డయు తెరపై పరుండినట్లే తోచును. అడ్డముగా జూచునపుడు, ఎదుట నిలిచినవారి కుడిచేయి మన యెడమకు వచ్చినట్లు, తల్లి కుడిప్రక్క తెర యెడమకు వచ్చును.

ధ్వని దేహమున సెకనుకు దాదాపు 1540 మీటర్లు పోవును. సెంటీమీటరు లోతునకు బోయి ప్రతిధ్వని మరలివచ్చుటకు, సెకనును పదిలక్షల భాగములు చేసిన, వానిలో 13 భాగముల కాలము పట్టును. యంత్రము ఆ కాలమును గొలిచి లోతును నిర్ణయించును.

2019-21 జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము కరీంనగరము జిల్లాలో నూటికి సుమారు 82 కాన్పులు శస్త్రచికిత్సచే జరిగినవి. కారణములు పెక్కు, తెరను జూచి పుట్టిన భయము వానికి తోడు గారాదు. ఏడవ నెలలో అడ్డముగా నున్న బిడ్డలు పెక్కుమంది పిదప తామే తిరుగుదురు.

సోదరీమణులారా, “బిడ్డ తల యెచ్చట? మాయ యెచ్చట? మరల నెప్పుడు చూడవలయును?” అని వైద్యురాలిని నిస్సంకోచముగా నడుగుడు. ఆడయో మగయో మాత్రము అడుగరాదు. 1994 నాటి చట్టము దానిని నిషేధించినది.