రబ్బరు పోయినా రేకు దక్కాలి

పాత స్పోర్ట్స్ కారుకు మళ్లీ ప్రాణం పోసేవారు మొదట విప్పేది మెరుపు పట్టీలు, రబ్బరు బీడింగులే. తేలిగ్గా కనిపించే ఆ పనిలోనే కారు భవిష్యత్తు తేలిపోతుంది

పాత కారుకు పూర్వ వైభవం తేవాలనుకునేవారు మొట్టమొదట చేతిలోకి తీసుకునేది స్క్రూడ్రైవర్. మొట్టమొదటి పొరపాటు జరిగేదీ దాంతోనే. ఇంజన్ విప్పాలంటే జంకుతారు. గేర్‌బాక్స్ జోలికి వెళ్లాలంటే మెకానిక్‌ను పిలుస్తారు. అద్దం చుట్టూ మెరిసే పట్టీ, తలుపు అంచున ఎండిపోయిన రబ్బరు, వెనకాల పేరు రాసి ఉన్న బిళ్ల మాత్రం ఎవరైనా ఊడదీయగలిగినవిగానే కనిపిస్తాయి. ఆదివారం భోంచేసి కూర్చుంటే చీకటి పడేలోగా అయిపోయే పనిలా ఉంటుంది. నిజంగానే అయిపోతుంది కూడా. ఆ పూట వంగినవి, విరిగినవి మళ్లీ దొరకవన్న సంగతి మాత్రం కారుకు రంగు వేయించి ఇంటికి తెచ్చుకున్నాక గానీ తెలిసిరాదు.

ఈ విషయంలో డాట్సన్ 240జెడ్ మంచి పాఠం. నిస్సాన్ కంపెనీ 1969 అక్టోబర్‌లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో పరిచయం చేసిన ఈ రెండు సీట్ల కారు అమెరికాకు 240జెడ్‌గా చేరింది. పొడవాటి బానెట్, 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, ధర 3,526 డాలర్లు. జాగ్వార్, పోర్షేలను దూరం నుంచి చూసి తృప్తిపడే అమెరికన్లు దీని కోసం పేర్లు రాయించుకుని నెలల తరబడి ఎదురుచూశారు. తర్వాత వచ్చిన 260, 280 మోడళ్లతో కలిపి 1978 వరకు ఈ తరం కార్లు 5 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. అందుబాటు ధరలో దొరికింది కాబట్టి దాచుకోవాలన్న ఆలోచన చాలామందికి రాలేదు. తుప్పు నుంచి రక్షణ కూడా ఆ రోజుల్లో అంతంతమాత్రమే. దాంతో అనేక కార్లు తుక్కు కింద పోయాయి. మిగిలిన వాటి విలువ పెరిగింది. 1971లో తయారై, సుమారు 21,000 మైళ్లు మాత్రమే తిరిగిన ఒక 240జెడ్ 2020 జనవరిలో అమెరికాలో ఆన్‌లైన్ వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. ఆ స్థాయి ధర కొత్త మెరుపుకు రాదు, చెక్కుచెదరని అసలు రూపానికే వస్తుంది.

అసలు రూపమంటే ఏమిటో ఈ కారు వెనక భాగమే చెబుతుంది. తొలి విడత కార్లకు వెనక తలుపు మీద, అద్దం కింద, గాలి పోయేందుకు రెండు జాలీలు ఉండేవి. పక్క స్తంభాల మీద 240జెడ్ అని రాసిన బిళ్ల ఉండేది. 1971 ప్రారంభంలో ఈ ఏర్పాటు మారింది. జాలీలు పోయి, గాలి దారి పక్క స్తంభాల్లోకి వెళ్లింది. అక్కడికి జెడ్ అక్షరమున్న గుండ్రటి బిళ్ల వచ్చింది. అంటే బిళ్లను బట్టే కారు పుట్టిన కాలం తెలిసిపోతుంది. తొలి విడత కారు మీది బిళ్ల విరిగిందని గుండ్రటిది తెచ్చి తగిలిస్తే, తెలిసినవారి కంటికి అది తాతగారి ఫొటోకు మనవడి కళ్లజోడు పెట్టినట్లే ఉంటుంది.

బిళ్లల విలువ ఈ కారును అమెరికాకు తెచ్చిన వ్యక్తికి బాగా తెలుసు. అక్కడ నిస్సాన్ వ్యాపారాన్ని నడిపిన యుటాకా కటయామాకు ఫెయిర్‌లేడీ అనే పేరు స్పోర్ట్స్ కారుకు నప్పదనిపించింది. ఓడ దిగిన తొలి కార్ల మీద ఆ పేరున్న బిళ్లలు తీయించి 240జెడ్ బిళ్లలు పెట్టించారన్నది ఈ కారు అభిమానులందరికీ తెలిసిన కథ. 105 ఏళ్లు జీవించి 2015లో కన్నుమూసిన కటయామాను ఇప్పటికీ జెడ్ కారు పితామహుడిగానే తలచుకుంటారు. ఆనాడు బిళ్ల మార్చడం చిటికెలో పని. అప్పటికది కొత్త లోహం. యాభై ఏళ్లు దాటాక అదే పని వేరేగా ఉంటుంది.

బిళ్ల వెనక సన్నటి పిన్నులుంటాయి. అవి రేకులోని రంధ్రాల్లోకి దిగి బిగుసుకుంటాయి. పోత పోసిన నాసి లోహం కాబట్టి ఇన్నేళ్లకు బిస్కట్‌లా పెళుసుబారి ఉంటాయి. ముందు నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే పిన్ను విరుగుతుంది, రంగు చెక్కుకుపోతుంది. లోపలి వైపు ప్యానెల్ విప్పి, పిన్ను చివర తుప్పు వదిలించే నూనె చుక్క వేసి, ఒక రోజు ఆగి, వెనక నుంచి మెల్లగా తోయడమే సరైన పద్ధతి. జిగురుతో అంటించినవైతే హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి, గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా లాగితే గీత పడకుండా ఊడివస్తాయి. రంధ్రాలను లప్పంతో పూడ్చకూడదు. అవి ఎక్కడున్నాయన్నదే బిళ్ల ఎక్కడ ఉండాలో చెప్పే సాక్ష్యం.

ముందు అద్దం దగ్గర పరీక్ష ఇంకా కఠినం. 240జెడ్ ముందు అద్దం లావుపాటి రబ్బరు గాడిలో కూర్చుని ఉంటుంది. ఆ రబ్బరు బయటి ముఖంలోని మరో గాడిలో స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీ ఇమిడి ఉంటుంది. అంబాసిడర్, పద్మిని అద్దాలు మార్చిన టింకరింగ్ షెడ్డు మేస్త్రీలకు ఈ రబ్బరు గాడి కొత్తేమీ కాదు. సాధారణంగా జరిగే తప్పు ఏమిటంటే, రబ్బరు బాగానే ఉంది కదా అని దాన్ని కాపాడబోయి పట్టీని పైకి పీకడం. పట్టీ ఒకచోట మడత పడుతుంది. స్టెయిన్‌లెస్ పట్టీలో పడిన మడతను సుత్తితో సరిచేసినా వెలుతురులో ఆ చోటు గీతలా కనిపిస్తూనే ఉంటుంది. రబ్బరు కొత్తది దొరుకుతుంది. ఆనాటి పట్టీ దొరకడం కష్టం, దొరికినా చాలాసార్లు మరో కారు నుంచి ఊడదీసిన మడతల పట్టీయే.

అందుకే ఈ పనిలో ఆరితేరినవారు వరుస తిప్పేస్తారు. ముందుగా రబ్బరు అంచును పదునైన కత్తితో చుట్టూ కోసేస్తారు. కత్తి వాలు అద్దం వైపు కాకుండా, రంగు వైపు కాకుండా చూసుకుంటారు. అంచు పోయాక అద్దాన్ని ఇద్దరు మనుషులు లోపలి నుంచి అరచేతులతో నెడతారు, పట్టీతో సహా బయటికి వస్తుంది. బల్ల మీద పెట్టి మిగిలిన రబ్బరును ముక్కలుగా ఒలిచేస్తే పట్టీ దానంతటదే విడిపోతుంది. అతుకుల దగ్గరి చిన్న తొడుగులను మరవకుండా సంచిలో వేసి పేరు రాస్తారు. ఈ వ్యాపకానికి ఒకే ఒక సూత్రం చెప్పమంటే అది ఇదే: రబ్బరును బలిచ్చి లోహాన్ని దక్కించుకోవాలి. తలుపుల పైన వాననీటి గాడికి తొడిగిన మెరుపు పట్టీకీ ఇదే నీతి. ఒక చివర పట్టుకుని లాగకుండా, ప్లాస్టిక్ చీలికతో అంగుళం అంగుళం చొప్పున, ఒక చివర నుంచి మరో చివరకు రెండు మూడుసార్లు తిరిగి వదులు చేయాలి.

ఇంత ఓపిక పట్టీ కోసమే కాదు. అసలు కథ రబ్బరు కింద ఉంటుంది. సహజ రబ్బరు అణువుల గొలుసుల్లోని ద్విబంధాలను గాలిలోని ఓజోన్ తెంచుతుంది. సాగదీసి బిగించిన చోట ఈ దాడి మరీ ఎక్కువ, మూలల దగ్గర ముందుగా పగుళ్లు రావడానికి కారణం అదే. పగిలిన రబ్బరు నీటిని ఆపడం మానేసి పట్టి ఉంచడం మొదలుపెడుతుంది. ఆ ఇరుకులో నిలిచిన తడికి ఆక్సిజన్ అందదు, బయటి తడికి అందుతుంది. ఈ తేడా ఒక చిన్న బ్యాటరీలా పనిచేసి, ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోటి ఇనుమును తినేస్తుంది. పట్టీ క్లిప్పులు గీకి రంగు పోయిన చోట ఆ పని ఇంకా సులువు. బయట రంగు నిగనిగలాడుతున్నా రబ్బరు ఎత్తి చూస్తే రేకు జల్లెడై ఉండటంలోని మర్మం ఇదే. 240జెడ్‌లో ముందు అద్దం కింది అంచు, వెనక తలుపు ఆనే గడప ఇందుకు పేరుమోసిన చోట్లు.

తుప్పు కనబడగానే రెండు దారులు ఎదురవుతాయి. లప్పం పెట్టి మూసేసి కొత్త రబ్బరు తొడిగేయడం చవక దారి. కారు అందంగానే ఉంటుంది, రెండు మూడు వానాకాలాల వరకు. లప్పం కింద తుప్పు పాకుతూనే ఉంటుంది. పైగా లప్పంతో మందమైన అంచు మీద అద్దం సమంగా కూర్చోదు, ఎక్కడో ఒకచోట ఒత్తిడి పడి పగులుతుంది. పాడైన రేకును కోసి, అదే మందం కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేయడం రెండో దారి. దానికి డబ్బు, కాలం రెండూ కావాలి. ఎంత కావాలో రబ్బరు ఎత్తేదాకా ఏ మేస్త్రీ చెప్పలేడు. రంగుకు బేరమాడేముందే పట్టీలు, రబ్బర్లు విప్పి చూడమని అనుభవజ్ఞులు చెప్పేది అందుకే.

ఇక కొత్త రబ్బరు. ఇప్పుడు ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు ప్రధాన గొలుసులో ద్విబంధాలు లేవు కాబట్టి ఓజోన్ దాని జోలికి పోదు. ఆ మేరకు కొత్తది పాతదాని కన్నా మేలే. చిక్కు ఆకారంతో వస్తుంది. మార్కెట్లో దొరికే కొన్ని తలుపు బీడింగులు అసలు వాటికన్నా లావు, గట్టి. వాటిని తొడిగితే తలుపు మూతపడదు, పడినా అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. దీనికి జెడ్ కార్ల యజమానులు కనిపెట్టిన ఉపాయం ముచ్చటైనది. 1990ల నాటి కియా స్పోర్టేజ్ తలుపు బీడింగును కొలిచి కోసి వాడితే అసలు దానిలా సరిపోతోందని తేల్చారు. 2019 నుంచి పెనుకొండలో కార్లు తయారు చేస్తున్న కంపెనీ పాత మోడల్ రబ్బరు, సముద్రాల అవతల జపాన్ కారు తలుపును మూయిస్తోందన్నమాట. ఏది కొన్నా రంగు వేయకముందే ఒకసారి తొడిగి, తలుపు మూసి చూసుకోవాలి. రంగు వేశాక తలుపు సవరించబోతే నష్టపోయేది ఆ రంగే.

బీడింగును సోకు కింద జమకట్టేవారికి వెనక తలుపు ఇంకో హెచ్చరిక చేస్తుంది. కారు వేగంగా పోతున్నప్పుడు దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి, పొగగొట్టం వదిలిన పొగ సుడి తిరిగి వెనక తలుపును తాకుతుంది. కిటికీ దించితే కారు లోపలి ఒత్తిడి కూడా తగ్గి ఆ పొగను లోపలికి పీలుస్తుంది. వెనక తలుపు రబ్బరు, తోక దీపాల కింది గాస్కెట్లు ఎండిపోతే ఇక దారి బార్లా తెరిచినట్లే. 240జెడ్‌లో పొగ వాసన అనేది యజమానుల పాత ఫిర్యాదు. వాసన తెలిస్తే అదృష్టమే. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ఈ కారుకు దాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరూ లేదు. తలనొప్పి, మగతగా మొదలయ్యేది ప్రాణం మీదికి రావచ్చు. చూపుకు ఆనని ఆ నల్లటి రబ్బరు డ్రైవర్‌కూ పొగకూ మధ్య గోడ.

ఈ పని ఎంత ఖరీదైనదో తయారీదారుకే అనుభవమైంది. 1990ల ద్వితీయార్ధంలో నిస్సాన్ పాత 240జెడ్‌లను తిరిగి కొని, పూర్తిగా బాగుచేయించి, సుమారు 25,000 డాలర్లకు అమెరికాలోని తన డీలర్ల ద్వారా అమ్మింది. కొన్ని డజన్ల కార్లు అమ్మేసరికి పథకం ఆగిపోయింది. విడిభాగాల గోదాము చేతిలో ఉన్న కంపెనీకే అలా అయితే, ఇంటి వెనక షెడ్డులో ఒంటరిగా పనిచేసేవాడికి ప్రతి క్లిప్పూ బంగారమే.

భారత్‌లోనూ ఈ పట్టింపుకు ఇప్పుడు చట్టం తోడైంది. 2021 జూలైలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వీఏ అక్షరాలు వస్తాయి. తొలి నమోదుకు రుసుము రూ. 20,000, తర్వాత రూ. 5,000. అసలు షరతు వేరే ఉంది: వాహనం అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఒక పట్టీ వంగినంత మాత్రాన నమోదు ఆగిపోదు గానీ, తీసినదాన్ని తీసినట్లే తిరిగి పెట్టే అలవాటు లేనివారు ఆ షరతు దాకా చేరడం కష్టం.

కావలసిన సరంజామా మాత్రం పెద్దదేమీ కాదు. విప్పకముందు తీసిన ఫొటోలు, పేర్లు రాసిన చిన్న సంచులు, తుప్పు వదిలించే నూనె, ప్లాస్టిక్ చీలికలు, పదునైన కత్తి, పట్టీలను వంగకుండా పడుకోబెట్టడానికి ఒక పొడవాటి చెక్క. అన్నీ బిగించాక ఒకరు టార్చ్‌లైట్‌తో కారు లోపల కూర్చుంటే, మరొకరు బయట నుంచి పైపుతో అద్దాల మీద, తలుపుల మీద పావుగంట నీళ్లు పడతారు. లోపలి మనిషి పొడిగా దిగివస్తే పని పూర్తయినట్లు. ఎక్కడైనా చుక్క కనబడితే సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, ఆ ముక్క రబ్బరు మళ్లీ విప్పాల్సిందే.